రెండు త్రాసుల నడుమ



ఏటేట డిసెంబరు మాసపు రెండవ శనివారమునాడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక ఫుట్‌బాలు పోటీ జరుగును. భూసైన్యమునకు అధికారులను తయారుచేయు వెస్ట్‌పాయింట్ విద్యాలయము ఒక వైపున, నౌకాదళమునకు అధికారులను తయారుచేయు అన్నాపోలిస్ విద్యాలయము రెండవ వైపున నిలుచును. 1890వ సంవత్సరము నవంబరు మాసములో, హడ్సన్ నదీతీరమున వెస్ట్‌పాయింట్ మైదానముననే, ఈ రెండింటికిని మొదటి పోటీ జరిగి, 24కు సున్నగా నౌకావిద్యార్థులు గెలిచినారు. ఆట ముగిసిన పిదప నేటికిని ఒక ఆచారము పాటింపబడుచున్నది. రెండు జట్లవారును కలసి, మొదట ఓడినవారి సహాధ్యాయుల యెదుటను, తరువాత గెలిచినవారి సహాధ్యాయుల యెదుటను నిలిచి, శిరస్త్రాణములు చేతబట్టుకొని, ఆ యా విద్యాలయముల గీతములను నిశ్చలముగ ఆలకింతురు. బురదపట్టిన దుస్తులతో, చెమటయు చలియు కలసి ఆవిరులెత్తు దేహములతో, ఇంతకు ముందే ఒకరినొకరు క్రుమ్ముకొన్నవారు అట్లు భుజము భుజము తాకునట్లు నిలుచుట చూచినవారికి, అది వట్టి ఆటగా తోచదు.

ఆ వరుసలో నిలిచిన ఒక యువకుని మీ మనోనేత్రము ఎదుట నిలుపుకొనుడని కోరుచున్నాను. వయస్సు 22 సంవత్సరములు, ఎత్తు ఆరడుగులు, బరువు 280 పౌండ్లు, అనగా మన లెక్కన 127 కిలోలు. ఇతడు బంతిని చేతబట్టి పరుగెత్తువాడు కాడు, దానిని విసరువాడును కాడు. పరుగెత్తువానికి దారి చేయుటకై ఎదుటివానిని రొమ్ముతో నెట్టి పడగొట్టువాడు. ఇతని పేరు పత్రికలలో అరుదుగా కనబడును. నాలుగేండ్లుగా ఇతడు తరగతులకు పోయి, కవాతు చేసి, తుపాకి తుడిచి, వీటన్నిటి నడుమ, బరువు తగ్గకుండ చూచుకొనుటను కూడ ఒక విధిగా నెరవేర్చినాడు. ఆకలి లేకున్నను రెండవమారు వడ్డింపించుకొని తిన్నాడు. పండుకొనబోవుముందు పాలును రొట్టెయు మరల తిన్నాడు. నేటితో అతని చివరి ఆట ముగిసినది. రేపటి ఉదయమునుండి ఆ బరువును దింపుకొనుటకు ఆరంభింపవలెను. ఏలయన మే మాసాంతమున పట్టభద్రుడై సెకండ్ లెఫ్టినెంటుగా ప్రమాణము చేయునాటికి, సైన్యము తనవారందరికిని విధించిన శరీరప్రమాణమునకు ఇతడును లోబడి యుండవలెను. ఉన్న గడువు ఇరువదిమూడు, ఇరువదినాలుగు వారములు. ఏబది పౌండ్లు దింపవలసివచ్చినచో వారమునకు రెండేసి పౌండ్లు. ఈ యువకుని నేను కల్పించితినే గాని, ఇతని అవస్థ కల్పితము కాదు. ప్రతి సంవత్సరమును ఆ విద్యాలయములనుండి వెలువడు ఆటగాండ్రలో ఇట్టివారు ఉందురు. వీరిని గురించియే ఈ పూట నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

అమెరికను ఫుట్‌బాలు మనము ఎరిగిన ఫుట్‌బాలు కాదు. అందు బంతి కోడిగ్రుడ్డు ఆకారమున ఉండును. పాదములకన్న చేతులకే ఎక్కువ పని. బంతి గల జట్టు నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగవలెను, లేనియెడల బంతి ఎదుటివారి పాలగును. ప్రతి ప్రయత్నమునకును ముందు రెండు వరుసలు ముఖాముఖి వంగి నిలుచును. దాడిచేయు జట్టులో ఆ వరుస నడుమ నిలుచు అయిదుగురే ఈ ఆటకు పునాదిరాళ్లు. వారి పని తమ స్థానమునుండి కదలకపోవుట, ఎదుటివానిని కదల్చుట. బరువునకును బలమునకును ఇంతటి ప్రత్యక్షమైన విలువ గల ఆటలు లోకములో కొలదిగ ఉన్నవి. మన తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసి కుస్తీ పట్టినవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయములలోను, వృత్తిజట్లలోను ఆ అయిదుగురును 300 పౌండ్లు దాటినవారే. వారికి ఆ బరువు మోయుటకు మరొక అధికారి అనుమతి అక్కరలేదు. సైనిక విద్యాలయపు ఆటగాడు మాత్రము రెండు త్రాసులకు జవాబు చెప్పవలసినవాడు. ఆటశిక్షకుని త్రాసు ముల్లు ఎంత పైకి పోయినను మేలే. సైన్యపు త్రాసు ముల్లు ఒక గీత దాటరాదు.

ఆ గీత ఎక్కడ నున్నదో చెప్పెదను. భూసైన్యము చిరకాలము పాటించిన నియమావళి ననుసరించి ఆరడుగుల పురుషునికి, ఇరువది ఏండ్లవరకు 190 పౌండ్లు, ఇరువదియొకటి మొదలు ఇరువదియేడు ఏండ్లవరకు 195 పౌండ్లు పైమేరగ నుండెను. మన యువకుడు దానికన్న 85 పౌండ్లు అధికముగ నున్నాడు. ఒకానొక కాలమున సైన్యములు బక్కచిక్కినవారిని గూర్చియే చింతించెడివి. బొద్దుగ నున్నవానిని చూచి సంతోషించెడివి. యుద్ధముల నడుమ సౌఖ్యము పెరిగి, యంత్రవాహనములు పెరిగి, కూర్చుండి చేయు కొలువులు పెరిగిన పిమ్మట చింత తలక్రిందులైనది. 1980లో, తానును అన్నాపోలిస్ విద్యాలయమున చదివినవాడైన అధ్యక్షుడు జిమ్మీ కార్టరు కోరికపై, సైనికుల దేహదార్ఢ్యమును గూర్చి విచారణ జరిగినది. దాని ఫలముగ 1981లో వెలువడిన ఆదేశము, కేవలము బరువును గాక దేహములోని క్రొవ్వుపాలును లెక్కింపవలెనని శాసించినది. అప్పటినుండి చిరకాలము బరువుపట్టిక మొదటి జల్లెడగా మాత్రమే ఉండెను. అందులో ఆగిపోయినవానిని టేపుతో కొలిచెడివారు. ఇరువది ఏండ్లలోపు పురుషునికి నూటికి 20 పాళ్లు, ఇరువదియేడు ఏండ్లలోపు వానికి 22 పాళ్లు క్రొవ్వు పైమేరగ నుండెను. స్త్రీలకు ప్రకృతిసిద్ధముగ క్రొవ్వు అధికము గనుక ఆ వయస్సులకే వరుసగా 30, 32 పాళ్లు.

ఈ టేపు కొలత ఎట్టిదో దగ్గరనుండి చూడదగినది. అది మన దర్జీ మెడలో వ్రేలాడు టేపు వంటిదే. చాల సంవత్సరములు పురుషులకు రెండు కొలతలు తీసెడివారు: ఒకటి కంఠమున గుటకవేయు ఎముకకు దిగువను, రెండవది నాభికి సమముగ నడుమునను. నడుము కొలతలోనుండి మెడ కొలత తీసివేయగా వచ్చిన అంగుళములను, ఎత్తును ఒక పట్టికలో సరిచూడగా క్రొవ్వుపాలు తేలును. టేపు చర్మమును నొక్కరాదు, వదులుగ వ్రేలాడరాదు. కొలువబడువాడు ఊపిరి సహజముగ విడిచి, చేతులు ప్రక్కల వ్రేలాడవేసి నిలువవలెను. ఒక అర అంగుళము ఇటో అటో అయినచో, ఒకని ఉద్యోగోన్నతి ఆగిపోవచ్చును. మెడ లావైనవానికి ఈ లెక్క అనుకూలము గనుక, నడుము తగ్గింపలేనివారు మెడను పెంచుకొనుటకు ప్రత్యేకముగ వ్యాయామములు చేసెడివారు. ఫుట్‌బాలు ఆటగాండ్రకు ఇక్కడ ఒక మేలు కలిగెడిది. ఢీకొను దెబ్బలకు తట్టుకొనుటకై వారు మెడను ముందే పెంచియుందురు. 2023లో భూసైన్యము ఈ పద్ధతి మార్చి, నాభివద్ద ఒక్క కొలతను, బరువును మాత్రమే తీసికొని లెక్కించుట ఆరంభించినది. అదే సంవత్సరమున మరియొక మంచి మార్పు చేసినది: అప్పటి దేహదార్ఢ్య పరీక్షలో 600కు 540 మార్కులు, ప్రతి అంశమునందును 80కి తగ్గకుండ, సంపాదించినవానికి టేపు అవసరము లేదనినది. ఎంత బరువున్నను, చేయవలసిన పని చేయగలిగినవానిని చేయనిమ్మని దాని భావము. ఆ నిర్ణయము నాకు మిక్కిలి నచ్చినది. ఎందువలననో చెప్పుటకు కొంత వెనుకకు పోవలెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికను నౌకాదళములో ఆల్బర్ట్ బెంకీ అను వైద్యుడు ఉండెను. జలాంతర్గాములనుండి బయటపడువారును, లోతునీట మునిగి పనిచేయువారును పైకి వచ్చునపుడు, రక్తములోను కొవ్వులోను కరిగియున్న నత్రజని బుడగలై బాధించును. కొవ్వు అధికముగ గలవానికి ఆ ప్రమాదమధికము. కావున మనుష్యుని దేహములో కొవ్వు ఎంతయో కనుగొనుట ఆయనకు వృత్తిరీత్యా అవసరమైనది. త్రాసు ఆ సంగతి చెప్పలేదు. ఎముకను, కండను, కొవ్వును అది ఒక్కటిగనే తూచును. అందులకై ఆయన ఆర్కిమిడీసు పాతసూత్రమును ఆశ్రయించినాడు. కొవ్వు నీటికన్న తేలిక. కండయు ఎముకయు నీటికన్న బరువు. మనుష్యుని ఒకసారి బయట తూచి, ఊపిరి యావత్తు విడిపించి నీట ముంచి మరల తూచినచో, ఆ రెండు తూకముల భేదమునుబట్టి అతని సాంద్రత తెలియును, సాంద్రతనుబట్టి కొవ్వుపాలు తెలియును.

ఆయన ఇట్లు తూచినవారిలో 25 మంది వృత్తి ఫుట్‌బాలు ఆటగాండ్రు ఉండిరి. 1942లో ప్రకటింపబడిన ఆ ఫలితములు నేటికిని ఆలోచింపజేయును. ఎత్తు, బరువుల పట్టికనుబట్టి చూచినచో ఆ 25 మందిలో 17 మంది స్థూలకాయులు, సైన్యమున చేరుటకు అనర్హులు. నీట ముంచి తూచినపుడు, వారిలో పెక్కుమంది దేహములలో సామాన్య నావికునికన్న తక్కువ కొవ్వు ఉన్నట్లు తేలినది. పట్టిక ఎవరిని బద్ధకస్తులని త్రోసివేసినదో వారే దేశములో అత్యంత దృఢకాయులైన యువకులు. ఆ సమయమున యుద్ధము జరుగుచుండెను, మనుష్యులు కావలసియుండిరి, అయినను ఒక కాగితముమీది గీత అట్టివారిని గుమ్మము బయట నిలిపియుండును. శాస్త్రజ్ఞుడు ఒక తొట్టెడు నీటితో పట్టిక పొరపాటును బయటపెట్టుట నా మనస్సునకు ఎంతో హృద్యముగ తోచును. ఎనుబది సంవత్సరములు గడచిన తరువాతగూడ ఆ పట్టిక మొదటి జల్లెడగా మిగిలియుండుట మాత్రము శోచనీయము. వేలమందిని ఒక్కపూటలో నీట ముంచి తూచుట సాధ్యము కాదు, నిజమే. ఆ కారణముననే టేపు పుట్టినది. అయినను టేపు చెప్పినది అంచనాయే గాని సత్యము కాదని, దానిని పట్టుకొన్న చేయి మరువరాదు.

ఇక దేహదార్ఢ్యము మాట. బరువు సంగతిలో ఆటగానికి కొంత మినహాయింపు దొరకినను, పరుగు సంగతిలో దొరకదు. చిరకాలము భూసైన్యపు పరీక్ష మూడు అంశములతో ఉండెను: రెండు నిమిషములలో దండీలు, రెండు నిమిషములలో పడుకొని లేచుటలు, రెండు మైళ్ల పరుగు. ఇరువదియొక్క ఏండ్లలోపు యువకుడు 42 దండీలు తీసి, 53 మారులు పడుకొని లేచి, 15 నిమిషముల 54 సెకనులలో రెండు మైళ్లు పరుగెత్తినచో ఉత్తీర్ణుడగును. సన్నని దేహము గలవానికి ఇది గొప్ప కష్టము కాదు. 280 పౌండ్లవానికి ఎనిమిది ఫర్లాంగులు దాటిన తరువాత ప్రతి అడుగును మోకాటిచిప్పపై సమ్మెటదెబ్బ. అతని దేహము నాలుగైదు సెకనుల విస్ఫోటమునకై తీర్పబడినది, పదునైదు నిమిషముల ఓర్పునకై కాదు. అన్నాపోలిస్ నౌకావిద్యార్థి మైలున్నరను పదిన్నర నిమిషములలో ముగింపవలెను, పది మీటర్ల ఎత్తునుండి నీటిలోనికి దుముకవలెను. కొలరాడో స్ప్రింగ్స్ వద్ద, సముద్రమట్టమునకు ఏడువేల అడుగులకు పైగా ఎత్తున, 1954లో శాసనబద్ధమైన వైమానిక విద్యాలయమునందు 600 గజముల పరుగుతోపాటు, కమ్మి పట్టుకొని గడ్డము పైకి వచ్చునట్లు దేహమును ఎత్తుటయు పరీక్షలోనిదే.  తన బరువును తానే ఎత్తుకొనవలసిన అట్టి పరీక్షలో, భారీదేహము గలవాడు ఎంత కండగలవాడైనను నిస్సహాయుడగును.

వెస్ట్‌పాయింటునందు వీటికి తోడు హేస్ వ్యాయామశాలలోని అవరోధపరీక్ష ఒకటి కలదు. పదునొకండు అవరోధములు: నేలబారుగ ప్రాకుట, తలకన్న ఎత్తుగ నున్న అరమీదికి మోచేతులతో ఎగబ్రాకుట, వ్రేలాడు చక్రములోనుండి దూరుట, సన్నని దూలముపై నడచుట, త్రాడు ప్రాకి పైనున్న దారికి చేరుట, చివరకు బరువైన తోలుబంతి చేతబట్టుకొని పరుగెత్తుట. పురుషులకు మూడున్నర నిమిషములు, స్త్రీలకు అయిదున్నరకు ఒక్క సెకను తక్కువ. ఆ పాత భవనపు ధూళి గుండెలనిండ పీల్చినవారు తరువాత చాలసేపు పొడిదగ్గుతో బాధపడుట అక్కడ అందరెరిగిన సంగతి. భారీదేహముగల ఆటగానికి ఇందులో యమగండము ఆ అర. చేతులు అంచును పట్టుకొనును, కాళ్లు గాలిలో తన్నుకొనును, దేహము క్రిందికి లాగును. తోడివారు క్రిందనుండి పేరు పెట్టి పిలిచి కేకలు వేయుచుందురు గాని ఎవరును చేయి అందింపరాదు.

సైన్యము ఇటీవలి కాలమున తెచ్చిన పరీక్షలో భారీదేహమునకును గౌరవము దక్కు అంశము ఒకటి చేరినది. 90 పౌండ్ల బరువు నుంచిన చక్రములులేని బండిని త్రాడుతో వెనుకకు ఈడ్చి, చెరియొక చేత 40 పౌండ్ల ఇనుపగుండు పట్టుకొని పరుగెత్తవలెను. గాయపడిన తోడివానిని రణరంగమునుండి ఈడ్చుకొనివచ్చుట, మందుగుండు పెట్టెలు మోసికొనిపోవుట దీని లక్ష్యము. లక్క యిల్లు మండుచున్న రాత్రి తల్లిని, అన్నను, తమ్ములను ఎత్తుకొని అడవిదారిని నడచిన భీమసేనుడు గుర్తుకు రాకమానడు. ఆ రాత్రి వారికి కావలసినవాడు వృకోదరుడే. సైన్యములో అందరును సన్నగా, ఒకే అచ్చున పోసినట్లు ఉండవలెనను కోరిక చూపునకు ఇంపుగ నుండవచ్చును గాని, యుద్ధమునకు అన్నివిధముల దేహములును కావలెను. అయితే అదే భీముడు అలసట లేక రాత్రి అంతయు నడువగలిగినాడన్న సంగతిని కూడ మరువరాదు. బలమును ఓర్పును ఒకే దేహములో కలపుమనుటయే సైన్యపు కోరిక. అది న్యాయమైన కోరిక.

ఈ ప్రమాణములు ఆటతీరునే మార్చివైచినవి. అధికముగ లావెక్కుటకు వీలులేనందున, సైనిక విద్యాలయముల వరుసలోనివారు ఎదుటివారికన్న తేలికగ నుందురు. 300 పౌండ్లవానిని 260 పౌండ్లవాడు ఎదురుగ నిలిచి నెట్టజాలడు. అందుచేత వారి శిక్షకులు ఒక పాత యుక్తిని పట్టుకొని దశాబ్దముల తరబడి పదును పెట్టినారు. బంతి గల నాయకుడు పరుగు ఆరంభించి, ఎదుటివాడు ఎటు కదలునో ఆ క్షణమున చూచి, నడుమవానికి ఇచ్చుటయో, తానే పట్టుకొని పోవుటయో, ప్రక్కవానికి విసరుటయో నిర్ణయించును. మూడు త్రోవలలో ఏది తెరచుకొనునో ఎదుటివారికి తెలియదు. ఈ పద్ధతిలో వరుసలోనివాడు కొండను నెట్టనక్కరలేదు. వేగముగ కదలి, తన స్థానము మారి, సరియైన కోణమున ఒక్క క్షణము అడ్డుపడినచో చాలును. నడుముకు దిగువన ఎదుటివాని కాళ్లకు అడ్డముగ పడుటయు ఇందొక ఉపాయము. అది మోకాళ్లకు ప్రమాదకరమని 2018లోను, మరల 2022లోను నియమములు బిగించి చాలవరకు అరికట్టినారు. సైనిక విద్యాలయములకు ఇది గట్టి దెబ్బయే. 2023లో వెస్ట్‌పాయింట్ తన పద్ధతిని మార్చిచూచి, ఫలింపకపోగా మరల పాతదారికి చేరువైనది. 2024లో, విద్యాలయజట్ల కూటమి యొకదానిలో చేరి, ఆ మొదటి సంవత్సరమే అందు విజేతయై నిలిచినది. అంతకన్న గొప్ప సంగతి: దేశములో ఆ యేటి శ్రేష్ఠమైన ముందువరుసకు ఇచ్చు జో మూర్ బహుమానము వెస్ట్‌పాయింట్ వరుసకే లభించినది. తేలికదేహముల వరుస దేశమందలి మహాకాయుల వరుసలన్నిటిని మించినదని నిపుణులు నిర్ణయించిరి. కట్టుబాటు ఒక కళను పుట్టించుట మనకు క్రొత్త కాదు. ఛందస్సు పద్యమునకు చేసినదే ఇచ్చట బరువుపట్టిక ఆటకు చేసినది.

దేహమును ఆటకై పెంచుకొని, సైన్యమునకై దిద్దుకొన్నవారి చరిత్రలు చిత్రముగ నుండును. వెస్ట్‌పాయింటున చేరిన మొదటి యేడు డ్వైట్ ఐసెన్‌హవరు జట్టునకు తగినంత బరువు లేనివాడు. పట్టుదలతో తిని, శ్రమించి బరువు పెంచి, 1912లో ఆడి పేరు తెచ్చుకొన్నాడు. ఆ యేడే మోకాలు దెబ్బతిని ఆట ముగిసినది. 1915లో పట్టా ఇచ్చువేళ, ఈ మోకాలితో ఇతనికి అధికారిపదవి ఈయవచ్చునా యని వైద్యాధికారి సందేహించినాడు. ఆ సందేహమే గెలిచియున్నచో, 1944లో నార్మండీ తీరమున దిగిన సేనావాహినికి మరియొక అధిపతిని వెదకవలసివచ్చెడిది. వైమానిక విద్యాలయపు చాడ్ హెనింగ్స్ ఆరున్నర అడుగుల మనిషి; 1987లో దేశమందలి ఉత్తమ ముందువరుస ఆటగానికి ఇచ్చు ఔట్‌లాండ్ బహుమానము పొందినాడు. వృత్తిజట్లు పిలిచినను ముందు సేవాఋణము తీర్చుకొనుటకు పోయి, ఎ-10 యుద్ధవిమానపు ఇరుకు ఆసనములో ఆ దేహమును ఇమిడ్చి, 1991 ప్రాంతమున ఉత్తర ఇరాకులోని కుర్దు శరణార్థుల రక్షణకై 45 మారులు ఎగిరినాడు. అటుపిమ్మట డల్లాసు జట్టులో చేరి మూడు జాతీయ విజేతృత్వములలో పాలుగొన్నాడు. అలెహాండ్రో విల్లనూవా కథ దీనికి తలక్రిందు: ఆరడుగుల తొమ్మిదంగుళముల ఇతడు వెస్ట్‌పాయింటున ముందువరుసలో ఆడి, చివరియేడు తేలికపడి బంతి అందుకొనువాడై, రేంజరు దళమున చేరి మూడుమారులు ఆఫ్ఘనిస్తానమునకు పోయి, శౌర్యచిహ్నముతో కాంస్యనక్షత్రమును పొంది, తిరిగివచ్చిన తరువాత మరల దేహమును పెంచి 300 పౌండ్లు దాటించి పిట్స్‌బర్గు జట్టు ముందువరుసలో నిలిచినాడు. ఒకే మనుష్యుడు పది సంవత్సరములలో దేహమును అట్లు పెంచి, దింపి, మరల పెంచినాడు.

ఇట్టివారిని చూచి, ఆటగాండ్రకు ఇచ్చు మినహాయింపు సమంజసమేనని మురిసిపోవుటకు నాకు మనసొప్పదు. అదే విద్యాలయమున, అదే వసతిగృహమున, ఆటలాడని ఒక కేడెట్టు ఉండును. అతడు మేర దాటి లావెక్కినచో టేపునకు నిలువవలెను. టేపులో తప్పినచో పేరు నమోదగును, అదనపు వ్యాయామము విధింపబడును, అప్పటికిని తగ్గనిచో భవిష్యత్తునకే ముప్పు. ప్రక్కగదిలోని ఆటగాడు మాత్రము ఆట ఋతువు ముగియువరకు నిశ్చింతగ భుజించును. ఇద్దరును ఒకే ప్రమాణము చేయబోవువారు, ఒకే పదవి స్వీకరింపబోవువారు. మొదటివాని మనస్సులో రగులు బాధ అసూయ కాదు. న్యాయమును గూర్చిన ప్రశ్న. 1919 మొదలు 1922 వరకు వెస్ట్‌పాయింట్ అధిపతిగ నున్న డగ్లస్ మెకార్థరు, ఆటలు జట్టులోని కొందరికే పరిమితము కారాదని, ప్రతి కేడెట్టును ఏదో ఒక ఆట ఆడవలెనని శాసించినాడు. ఆ శాసనపు ధర్మమునే ఇటునుండి చదివినచో, ప్రతి ఆటగాడును కేడెట్టు కావలెననియే గదా అర్థము.

నా అభిప్రాయము నిష్కర్షగ చెప్పెదను. ఆట జరుగు నాలుగేండ్లును బరువులో మినహాయింపు ఈయవచ్చును. పరుగులోను, అవరోధములలోను, పదవీస్వీకారదినపు ప్రమాణములోను ఈయరాదు. ఆ మినహాయింపు గుసగుసలలో గాక వ్రాతమూలముగ నుండవలెను. ప్రక్కగదిలోని కేడెట్టు కూడ దానిని చదువుకొన గలుగవలెను. అన్నిటికన్న ముఖ్యముగ, బరువు ఎక్కించినవారే బరువు దింపు బాధ్యతలోను పాలుపంచుకొనవలెను. ఆ బాలుడు పదునెనిమిదవయేట విద్యాలయమున అడుగుపెట్టినపుడు 280 పౌండ్లు లేడు. శిక్షకుడు కోరినాడు, వంటశాల వండిపెట్టినది, విద్యాలయము తన పతాకము ఎగురుట చూచి ఆనందించినది. డిసెంబరు మాసమున చివరి ఈల మ్రోగగానే, ఇక నీ దేహము నీ సొంత వ్యవహారమని వానిని వదలివేయుట తగదు.

వదలివేసినచో జరుగునది ఏమో వైద్యులెరుగుదురు. ఇరువది సంవత్సరముల వయస్సున అయిదారువేల కెలోరీలకు అలవాటుపడిన ఆకలి, ఆట మానిన దినముననే మానదు. గడువు దగ్గరపడుకొలది యువకుడు ఉపవాసములకు దిగును. చెమటదుస్తులు తొడిగి పరుగెత్తును. కొవ్వుతోపాటు కండను, దానితోపాటు ఉత్సాహమును పోగొట్టుకొనును. 1994లో అమెరికను వృత్తిభద్రతా సంస్థ వృత్తి ఫుట్‌బాలు ఆటగాండ్ర మరణములను పరిశీలించినపుడు, మొత్తముమీద వారు సామాన్యజనులకన్న దీర్ఘాయుష్కులేనని తేలినను, ముందువరుసలోని భారీకాయులలో మాత్రము గుండెజబ్బుతో మరణించినవారు సామాన్యులకన్న అధికమని తేలినది. ఆ వరుసలోని వారు ఎవరి దారిని వారు పోయినవారు, దింపుమని అడిగినవారు లేనివారు. సైనిక విద్యాలయపు ఆటగాడు ఈ విషయమున వారికన్న అదృష్టవంతుడు. అతనిని సైన్యము బలవంతముగనైనను తేలికపరచును. కొండంత మనుష్యుడు ఆరునెలలలో ముఖము సన్నబడి, మెడ కాలరులో వదులై, పాత దుస్తులు సగమునకు కుట్టించుకొని, రెండు మైళ్లు నిర్ణీతకాలములో ముగించి గోడకు ఆనుకొని నవ్వుట, అక్కడి ఉపాధ్యాయులు ప్రతి వసంతమునందును చూచు దృశ్యము. ఆ పని తెలివిగ జరుగుటకు ఆహారనిపుణుని, వైద్యుని, వ్యాయామాచార్యుని ఆ ఇరువదినాలుగు వారములును అతని వెంట నుంచుట ఒక దేశమునకు మోయలేని భారము కాదు.

మన బంధువుల బిడ్డలలో ఆ దేశమున పుట్టి పెరిగి, ఆ విద్యాలయములలో ప్రవేశమును కోరుచు, ఉన్నత పాఠశాలల జట్లలో ఆడువారు నేడు ఉండవచ్చును. అట్టివారి తల్లిదండ్రులు ఈ ప్రసంగము వినుచున్నచో వారికి ఒక్క మనవి. జట్టు కోరినంత బరువు పెంచుటకు ఒప్పుకొనునపుడే, దానిని దింపునపుడు విద్యాలయము ఏమి సహాయము చేయునో శిక్షకుని అడుగుడు. ఆ సమాధానము వచ్చువరకు సంతకము చేయకుడు.